మిర్టిల్ నీళ్లు తాగేదాకా

మా టిప్ నాలుగో స్తంభం దగ్గర కాలెత్తలేదు.

టిప్ మా కుక్క. పదకొండేళ్లు. చర్చి పక్కన కార్లు ఆపుకునే స్థలం చుట్టూ కొత్తగా ఆరు లైటు స్తంభాలు లేచిన రోజు నుంచీ వాడికి పొద్దున పూట ఒక ఉద్యోగం దొరికినట్టయింది. ఒకటి, రెండు, మూడు అని వరసగా వెళ్లి, దేని వంతు దానికి ఇచ్చి, ఆరో దాని దగ్గర ముగించి, ఇంక ఇంటికి పోదామా అన్నట్టు నా మొహం చూసేవాడు. ఆ మంగళవారం వాన వెలిసిన పొద్దున నాలుగో దాని దగ్గరికి ముక్కు చాచాడు. కుయ్యిమని వెనక్కి గెంతాడు. ఆ తరవాత దానికి దూరంగా గడ్డిలోంచి చుట్టు తిరిగి ఐదో దానికి పోయాడు.

నేను అక్కడే నిలబడి కాసేపు చూశాను.

నేను పాడి చేసినవాణ్ణి. ముప్పై ఏడేళ్లు, నలభై ఆవులు. మా వైపు పాడి చేసినవాడు ఇలాంటిది చూస్తే కుక్కని తిట్టడు, కరెంటుని అనుమానిస్తాడు. ఎనభై మూడులో మా కొట్టంలో ఆవులు ఉన్నట్టుండి నీళ్లు మానేశాయి. తొట్టి దాకా రావడం, మూతి పెట్టడం, తల విదిలించి వెనక్కి పోవడం. పశువుల డాక్టరు వచ్చి నోళ్లు చూశాడు, నాలుకలు చూశాడు, మేత మార్చమన్నాడు. చివరికి తేలిందేమిటంటే తొట్టిలోకి మూడు వోల్టులు కారుతున్నాయి. మూడంటే మూడే. మనిషి గంటసేపు చెయ్యి పెట్టి కూర్చున్నా తెలియదు. ఆవుకి తెలుస్తుంది.

దాన్ని కనిపెట్టినవాడు మా ఆవిడ లవోన్‌కి అన్న, నాకు బావ, ఓర్డెల్. ఈ ఆరు స్తంభాలూ వేసినవాడు కూడా ఓర్డెలే. చిక్కంతా అక్కడుంది.

మా రాష్ట్రంలో కరెంటు పని అయ్యాక ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు. తప్పు కనబడితే ఎర్ర చీటీ అంటించి పోతాడు. ఓర్డెల్ నలభై ఒక్క ఏళ్లు కరెంటు పని చేసి ఒక్క ఎర్ర చీటీ కూడా తినలేదు. ఈ సంగతి మా జిల్లాలో తెలియనివాళ్లు లేరు. పెళ్లిళ్లలో చెప్పాడు, పంది మాంసం విందుల్లో చెప్పాడు, సొంత మామగారి అంత్యక్రియల్లో కూడా కాఫీ వేళ చెప్పాడు. ఈ స్తంభాలతో పని మానేస్తున్నాడు. శుక్రవారం రెండు గంటలకి తనిఖీ, శనివారం చర్చిలో ఏటా జరిగే లూటెఫిస్క్ విందు. ఎండు చేపని కాస్టిక్ సోడా నీళ్లలో నానేసి, మళ్లీ మంచినీళ్లలో నానేసి, ఉప్పేసి ఉడకేస్తే గిన్నెలో జావలా వణుకుతుంది. దాన్ని తినడానికి నాలుగు జిల్లాల నుంచి జనం వస్తారు. ఎందుకొస్తారో నన్నడక్కండి. పోయినేడు విందుకొచ్చి, కార్ల దగ్గర చీకట్లో ఒక ముసలావిడ పడి తుంటి విరగ్గొట్టుకుంది. అందుకే ఈ స్తంభాలు. ఈ ఏడు విందులో ఓర్డెల్ కోసం ఒక కేకు కూడా చెప్పారు. దాని మీద చక్కెరతో బల్బు బొమ్మ, కింద "41 ఏళ్లు, ఒక్క ఎర్ర చీటీ లేదు" అని రాయిస్తున్నారు.

ఇంటికి పోయి వోల్టులు చూసే మీటరు తెచ్చాను. దాని ఒక వైరు మొన స్తంభానికి, ఇంకోటి పది అడుగుల అవతల తడి నేలకి పెట్టాను. నాలుగు వోల్టులు, పైన కొంచెం. చర్చి లోపలికి పోయి లైట్ల స్విచ్చి కట్టేసి, కరెంటు డబ్బాకి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని ఓర్డెల్ షెడ్డుకి వెళ్లాను. బావ సామాన్ల బండి కడుగుతున్నాడు, అమ్మకానికి.

"బావా, నాలుగో స్తంభం కరుస్తోంది."

"ఎవర్ని?"

"టిప్‌ని."

"వాడి వయసుకి గాలి కూడా కరుస్తుంది."

"మీటరు నాలుగు చూపించింది."

"ఏ మీటరు? ఆ పసుపు డబ్బానా? అది కాఫీ పొడి కొంటే ఊరికే ఇచ్చింది కదూ!"

అది నిజమే.

ఓర్డెల్ గుడ్డ బకెట్లో పడేశాడు. "ఒక్కో స్తంభానికి ఎనిమిదడుగుల రాగి కడ్డీ భూమిలోకి దిగ్గొట్టాను ఐనార్. ఆరు కడ్డీలు. మూడో దాని కింద బండ తగిలి పూటంతా కొట్టాను. ఇదిగో ఈ భుజం చూడు, జుట్టు దువ్వుకోడానికి కూడా లేవట్లేదు. అంత ఎర్తు మన ఊళ్లో బ్యాంకుకి కూడా లేదు. తెలుసా?"

"పచ్చ వైరు లాగావా?"

"నేనెప్పుడు లాగాను పచ్చ వైరు! నలభై ఒక్క ఏళ్లు. నాకు స్టీలు పైపే పచ్చ వైరు."

"ఇది స్టీలు పైపు కాదు కదా బావా."

ఓర్డెల్ నా వైపు తిరిగి చూశాడు. నేను బకెట్ వైపు చూశాను. నేల కింద వైర్లు పోవడానికి బూడిదరంగు ప్లాస్టిక్ పైపు కొన్నది చర్చి కమిటీ. కమిటీ తరఫున వెళ్లి చూసి కొనుక్కొచ్చింది నేను.

సంగతి ఇదీ. వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయి స్తంభానికి తగిలితే, ఆ కరెంటు ఏదో ఒక లోహం పట్టుకుని వెనక్కి డబ్బా దాకా పరిగెత్తాలి. అప్పుడే బ్రేకరు ఉలిక్కిపడి తెగుతుంది. స్టీలు పైపు ఉంటే పైపే ఆ దారి. ప్లాస్టిక్ పైపైతే అందులో పచ్చ వైరు ఒకటి విడిగా లాగాలి. ఓర్డెల్ చెయ్యి అలవాటుకొద్దీ ఎప్పటిలాగే రెండే వైర్లు లాగేసింది. మరి ఆ కడ్డీల మాటేమిటి? కడ్డీలోంచి కరెంటు మట్టిలోకి పోతుంది. మట్టి దాన్ని చెంచాతో పోసినట్టు కొంచెం కొంచెంగా వదుల్తుంది. ఇరవై ఆంపియర్లు దాటితే గాని కన్ను తెరవని బ్రేకరుకి ఆ నాలుగైదు ఆంపియర్లు దోమ కుట్టినట్టు కూడా ఉండవు. స్తంభం మాత్రం కరెంటు పట్టుకుని అలాగే నిలబడి ఉంటుంది, ఎవరు వచ్చి చెయ్యి ఆనిస్తారా అని.

ఇదంతా నాకు చెప్పిందెవరు? ఎనభై మూడులో, మా తొట్టి పక్కన గొంతుక్కూర్చుని, ఓర్డెల్. "మట్టి వైరు కాదు ఐనార్" అన్నాడు. ఆ మాట ఇప్పుడు గుర్తు చేద్దామనుకున్నాను. ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

"మీటరు అబద్ధమాడుతుంది" అన్నాడు ఓర్డెల్, నేను అడక్కుండానే. "కుక్క ముసలిదవుతుంది. నేను నమ్మేది ఒక్క ఆవుని. ఆవు వచ్చి చెప్తే వింటాను. పో, నీ మిర్టిల్ని తీసుకొచ్చి అడుగు!"

అని బండి కిందకి దూరిపోయాడు. అక్కడ కడగడానికేం లేదు.

ఇంటికొచ్చేసరికి లవోన్ విందులో రొట్టెల కోసం బంగాళాదుంపల గుట్ట ముందు కూర్చుని చెక్కు తీస్తోంది. చర్చి వంటశాల పెత్తనం పన్నెండేళ్లుగా తనదే.

"అన్నయ్య ఒప్పుకున్నాడా?"

"ఆవు చెప్తే వింటాడట."

లవోన్ చాకు ఆపలేదు. "అయితే మిర్టిల్‌కి ఇప్పుడు వేరే పనేం లేదుగా?"

"కోపంలో అన్నాడు. నువ్వే ఒకసారి చెప్పకూడదూ?"

"నేను చెప్తే నలభై ఒక్క ఏళ్ల కథ మొదట్నుంచీ ఎత్తుకుంటాడు. నాకు నూట ఎనభై రొట్టెలున్నాయి. ఆవుతోనే చెప్పించు."

ఇన్‌స్పెక్టరుకి ఒక ఫోను చేస్తే పని అయిపోయేది. ఆ రాత్రి ఆ ఆలోచన రాకపోలేదు. కాని ఎర్ర చీటీ ఓర్డెల్‌కి ఎవరైనా ఇవ్వనీ, నా చేత్తో ఇవ్వలేను. పైపు కొన్న చెయ్యి కూడా అదే.

మందంతా అమ్మేసినప్పుడు మిర్టిల్ ఒక్కదాన్నే ఉంచుకున్నాను. పాలివ్వదు. ఊరికే ఉంటుంది. బుధవారం సాయంత్రం నుంచి దానికి నీళ్లు పెట్టలేదు. గురువారం పొద్దున ట్రైలరులో ఎక్కించుకుని, పాత రేకు తొట్టి ఒకటి వేసుకుని చర్చికి వెళ్లాను. వంటశాలలో స్విచ్చి పాడైందని లవోన్ అబద్ధం చెప్పి అన్నయ్యని పిలిపించింది. ఆయన వచ్చి నన్నూ మిర్టిల్‌నీ చూసి, స్విచ్చి మాట మళ్లీ ఎత్తలేదు.

"నిజంగానే తెచ్చావా?"

"అడగమన్నావుగా."

"చర్చి ముందు పేడ వేస్తే ఎవడెత్తుతాడు?"

"పార తెచ్చాను."

ముందు ఒకటో స్తంభం దగ్గర తొట్టి పెట్టి, స్తంభాన్ని కడ్డీకి కలుపుతూ ఓర్డెల్ ముచ్చటగా తోమి బిగించిన రాగి క్లాంపుకి తొట్టిని ఒక వైరుతో కట్టాను. డబ్బా తాళం తీసి లైట్లు వేశాను. మిర్టిల్ మూతి పెట్టి నాలుగు గుక్కలు తాగింది. ఇంకా తాగుతుంటే తొట్టి లాగేశాను. అది నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. తొట్టి నాలుగో దాని దగ్గరికి ఈడ్చి అలాగే కట్టాను. మిర్టిల్ ఆత్రంగా వచ్చింది. మూతి నీళ్లకి తగిలింది. తల విదిలించింది. వెనక్కి రెండడుగులు వేసి అరిచింది.

"కొత్త చోటు. బెదిరింది" అన్నాడు ఓర్డెల్.

"ఒకటో దాని దగ్గర బెదరలేదే."

"లోపల్నుంచి చేప వాసన వస్తోంది. పడట్లేదు దానికి."

"నాకూ పడదు. నేను నీళ్లు మానేశానా?"

లోపలికి పోయి స్విచ్చి కట్టేసి వచ్చాను. మిర్టిల్ నీళ్లు తాగింది. మళ్లీ వేశాను. మానేసింది. మళ్లీ కట్టేశాను. తాగింది. మూడోసారి వేసి వచ్చేసరికి ఓర్డెల్ టోపీ తీసి చేత్తో తిప్పుతున్నాడు. ఏదో అనబోయాడు.

అప్పుడే ఒక తెల్లకారు వచ్చి ఆగింది. తలుపు మీద రాష్ట్రం ముద్ర. దిగింది జోలీన్ వాండర్‌హే, మా జిల్లాకి కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు. ముప్పై ఏళ్లుంటాయేమో. రావలసింది మర్నాడు.

ఆ అమ్మాయి ఆవుని చూసింది. తొట్టిని చూసింది. మా ఇద్దర్నీ చూసింది.

"ఏం జరుగుతోందిక్కడ?"

"ఆవుకి నీళ్లు పెడుతున్నాం" అన్నాడు ఓర్డెల్.

"చర్చి దగ్గరా?"

"దీనికి ఇక్కడి నీళ్లంటే చచ్చేంత ఇష్టం."

సరిగ్గా అప్పుడే మిర్టిల్ మూతి ముంచి, తల విదిలించి, తొట్టికి వీపు తిప్పేసింది.

"అంత ఇష్టమేం కనబడట్లేదండీ" అంది జోలీన్. దగ్గరకొచ్చి, తొట్టి నుంచి క్లాంపు దాకా కట్టిన వైరు వెంట చూపు నడిపించింది. ఏదీ ముట్టుకోలేదు. "మా నాన్నది కూడా పాడే" అంది నెమ్మదిగా.

వంటశాల కిటికీలో ఐదారు తలలు కనబడుతున్నాయి.

"ఓర్డెల్ గారూ, నా కాగితంలో రేపు రెండింటికి అని ఉంది. ఇటు పని పడి ఆగాను. పని పూర్తయిందంటే ఇప్పుడే మూతలు విప్పి చూసేస్తా. కాలేదంటే రేపే వస్తా. ఏమంటారు, అయిందా?"

ఓర్డెల్ సంగతి తెలియనివాళ్లకి ఇది చిన్న ప్రశ్నలా ఉంటుంది. నలభై ఒక్క ఏళ్లుగా ఈ ప్రశ్న ఎప్పుడు పడ్డా ఆయన నోట్లోంచి ఒకటే మాట వచ్చింది, అది కూడా అడిగేవాడు ముగించకముందే. ఇప్పుడు టోపీ అంచు పట్టుకుని ఒక చుట్టు తిప్పాడు. రెండో చుట్టు తిప్పాడు. మిర్టిల్ వీపు వంక చూశాడు.

"కాలేదు" అన్నాడు.

కిటికీలో ఎవరి చేతిలోంచో గరిట కిందపడిన చప్పుడైంది.

"ఏం మిగిలింది?"

"పచ్చ వైరు. ఆరింటికీ. ప్లాస్టిక్ పైపులో వైరు లాగడం మర్చిపోయి, కడ్డీలు కొట్టి మురిసిపోయానమ్మాయీ. నాలుగో దాన్లో ఏదో ఒరుసుకుంది కూడా. కావాలంటే చీటీ అంటించు. ఎరుపు నాకు నప్పకపోదు."

"పైపు కొన్నది నేను" అన్నాను.

జోలీన్ నా వంక చూసింది. "పైపుదేం తప్పు లేదండీ." ఓర్డెల్ వైపు తిరిగింది. "కాలేదని చెప్పిన పనికి నేను చీటీ రాయను. అయిందని చెప్పాక కాకపోతే రాస్తా. రేపు రెండింటికి. ముందు ఆ స్విచ్చి కట్టెయ్యండి. ఆవుకి నీళ్లు పెట్టండి పాపం."

కారు పోయేదాకా ఓర్డెల్ అలాగే నిలబడ్డాడు. తరవాత టోపీ పెట్టుకుని, "తాళంచెవి ఇటియ్యి బావా, నువ్వు వేసిన తాళం చూస్తే సైకిలు తాళంలా ఉంది" అన్నాడు. మనిషి మళ్లీ మామూలయ్యాడని అర్థమైంది.

స్విచ్చి కట్టేసి వచ్చి నాలుగో స్తంభం మూత విప్పాడు. కంత అంచుకి ఒరుసుకుని వైరు తోలు లేచి ఉంది. రాగికీ స్తంభానికీ మధ్య తడిసిన తోలు పొర ఒకటే మిగిలింది. దాన్ని వేలుగోటితో ఎత్తి చూపించాడు. "ఇదీ పోయేది, ఏ మంచు కాలంలోనో" అన్నాడు. "పోతే నాలుగు వోల్టులు కాదు, మొత్తం వచ్చేది. బ్రేకరు గుర్రుపెట్టి నిద్రపోయేది. ఇంక ఆ పైన ఎవరో ఒకరు తాళాలు కింద పడేసుకుని, లేవడానికి ఈ స్తంభం పట్టుకునేవాళ్లు." మూత జేబులో వేసుకున్నాడు.

పచ్చ వైరు లాగాలంటే పాత వైర్లు వెనక్కి తీసి, మూడూ కలిపి కట్టి మళ్లీ లాగాలి. ఓర్డెల్ భుజం లేవదు. నా నడుం వంగదు. చేతులు తుడుచుకుంటూ లవోన్ బయటికొచ్చింది, వెనక వంటశాల ఆడవాళ్లు ఐదుగురు. పన్నెండేళ్లుగా రొట్టెలు ఒత్తిన చేతులు అవి.

"తాడు ఎటు లాగాలి అన్నయ్యా?"

"నెమ్మదిగా లాగాలి. పిండి కాదు అది."

"నువ్వు నెమ్మదిగా లాగబట్టేనా అది తెగింది?"

ఓర్డెల్ పైపులోకి వైర్లు జారడానికి వాడే జిడ్డు మందు పోశాడు. ఐదో స్తంభం దగ్గర ఆ సీసా అయిపోయింది.

"చేప ఉడికిన నీళ్లు తేనా? అంతకంటే జారేది ఈ జిల్లాలో దొరకదు" అంది లవోన్.

"వైరు తోలు మొత్తం ఊడొస్తుంది. అది మీరు మనుషులకి పెట్టుకోండి."

ఇంకో సీసాకి నన్ను పంపించారు. పొద్దు వాలేవేళకి ఆరూ అయ్యాయి. ఒరుసుకున్న ముక్క కత్తిరించి కొత్తది వేశాడు ఓర్డెల్. రొట్టెలు నలభై తక్కువ పడ్డాయని లవోన్ నన్ను తిట్టింది. నన్నెందుకో తెలియదు.

శుక్రవారం రెండింటికి జోలీన్ వచ్చింది. ఆరు మూతలూ విప్పించింది. తన మీటరు పెట్టి చూసింది, ఆమెది కాఫీ పొడితో వచ్చినది కాదు. నాలుగో దాని దగ్గర ఎక్కువసేపు కూర్చుంది. లేచి కాగితం మీద సంతకం పెట్టింది.

"బాగుందండీ. శుభ్రమైన పని." ఆగి, రాగి క్లాంపు వైపు చూసింది. "ఈ కడ్డీలు ఎవరైనా వెయ్యమన్నారా?"

"ఎవరో అనాలా? ఎర్తు!"

"ఉంటే నష్టం లేదు. వీటికి కావాల్సింది పచ్చ వైరు. కడ్డీ దానికి తోడు ఉండొచ్చుగాని దాని బదులు ఉండకూడదు. ఇక్కడ అవి లేకపోయినా సంతకం పెట్టేదాన్ని."

ఓర్డెల్ భుజం నిమురుకున్నాడు. "మూడోది కూడానా?"

"మూడోది కూడా."

ఆ అమ్మాయి వెళ్లాక ఆయన కాగితం చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎవరికీ చూపించలేదు. నాకది బాగనిపించలేదు. శనివారం మధ్యాహ్నం ఫోను చేశాడు.

"బావా, మిర్టిల్ని తీసుకురా."

"పాసయింది కదా?"

"ఆ అమ్మాయి దగ్గర పాసయింది. నేను అడగమన్నది దాన్ని. అది ఇంకా చెప్పలేదు."

తీసుకెళ్లాను. టిప్ కూడా బండెక్కాడు. చీకటి పడుతుండగా ఆరు లైట్లూ వెలిగాయి. తొట్టి నాలుగో స్తంభానికి కట్టాం. మిర్టిల్ తొట్టి వంక చూసి, మొహం తిప్పుకుని నెమరు వేసుకోవడం మొదలుపెట్టింది.

ఓర్డెల్ మొహం పాలిపోయింది. "తాగట్లేదు."

నాకు ఒక అనుమానం వచ్చి లోపలికెళ్లి లవోన్‌ని అడిగాను.

"మొన్న పాపం నాలుక పిడచగట్టించారుగా దానికి. బయల్దేరే ముందు రెండు బకెట్లు పెట్టాను" అంది.

చెప్తే ఓర్డెల్ నమ్మలేదు. "దాహం లేక తాగకపోవడం వేరు, తగిలి తాగకపోవడం వేరు. నాకు ఎలా తెలుస్తుంది?" అని బకెట్ బోర్లించుకుని దాని పక్కన కూర్చున్నాడు. నాలుగు జిల్లాల కార్లూ ఆయన పక్కనుంచే వచ్చాయి. అద్దాలు దించి అందరూ ఏదో ఒకటి అన్నారు.

"ఏం ఓర్డెల్, చేప చాలక దీన్ని కూడా వండుతున్నారా?"

"వరసలో నిలబడమను దాన్ని, టికెట్టు తీసుకోమను!"

ఓర్డెల్ ఎవరికీ జవాబివ్వలేదు. లవోన్ పళ్లెం పంపింది. చేప మోకాళ్ల మీద చల్లారింది, వణకడం కూడా మానేసింది. లోపల కేకు ముందు చాకు పెట్టుకుని జనం కూర్చున్నారు. రెండుసార్లు పిలుపొచ్చింది. కదల్లేదు. పోయినేడు తుంటి విరిగిన ముసలావిడ చేతికర్రతో వచ్చింది. అడుగు తడబడి నాలుగో స్తంభానికి చెయ్యి ఆనించబోయింది. ఓర్డెల్ పళ్లెం పడేసి లేచి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. "కాస్త ఆగమ్మా, దీని తనిఖీ అవలేదు" అని తనే తలుపు దాకా నడిపించి వచ్చాడు.

వచ్చేసరికి మిర్టిల్ కిందపడిన ఉప్పు చేప నాకేసింది.

మూతి చప్పరించింది. ఒకటి రెండుసార్లు తల ఊపింది. తొట్టిలో మూతి ముంచింది. ముంచి, ఎత్తలేదు. గుటక గుటకకీ గొంతు పొంగుతోంది. ఓర్డెల్ కదలకుండా నిలబడి చూశాడు. సగం తొట్టి ఖాళీ అయ్యాక చెయ్యి చాచి, ముందు వేలు, తరవాత అరచెయ్యి స్తంభానికి ఆనించాడు. అలాగే ఉంచాడు.

తరవాత లోపలికి పోయాడు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. రెండు మాటలు చెప్పమన్నారు. నలభై ఒక్క ఏళ్ల కథకి అందరూ కుర్చీలు సర్దుకున్నారు. ఓర్డెల్ కేకు మీద అక్షరాలు చదువుకున్నాడు.

"ఇందులో ఒకటి రాయలేదు" అన్నాడు. "నలభై ఒక్క ఏళ్లలో ఒకసారి పని కాలేదన్నాను. అది మొన్న గురువారం. కొయ్యండి."

అంతే. చాకు పట్టుకున్నావిడ తెల్లబోయి, ఆ తరవాత కోసింది.

నేను బయటికొచ్చి తొట్టి విప్పి, పారతో చెయ్యాల్సింది చేసి, మిర్టిల్ని ట్రైలరు ఎక్కించాను. టిప్ అప్పటికే మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో దాని దగ్గర కాస్త ఆగి, వాసన చూసి, కాలెత్తాడు. ఆరో దాని దగ్గర ముగించి నా మొహం చూశాడు. ఇంటికి పోయాం.